గ్లిజరిన్ లేకుండా ఏడ్చే పాప

అది 2023 ఎండాకాలం. జూబ్లీహిల్స్‌లో ఒక పాత బంగళా అద్దెకు తీసుకుని వెబ్ సిరీస్ తీస్తున్నారు. నేను దానికి సౌండ్ రికార్డిస్టుని. మన దగ్గర మాటలు ఎక్కువగా తర్వాత స్టూడియోలో డబ్బింగ్ చెబుతారు. ఈ సిరీస్‌కి మాత్రం సింక్ సౌండ్ అన్నారు, అంటే నటులు సెట్లో పలికిన మాటనే ప్రేక్షకుడు వింటాడన్నమాట. అలాంటి చోట నా కోసం ఏసీలు ఆపేస్తారు, ఫ్యాన్లు ఆపేస్తారు. యూనిట్ మొత్తం చెమటలు కక్కుతూ నన్ను తిట్టుకుంటుంది. ఫిలింనగర్‌లో నా బతుకంతా ఈ తిట్ల మధ్యే గడిచింది.

ఈ పని తెలియనివాళ్ళ కోసం కాస్త చెప్పాలి. నటుల బట్టల లోపల లేపల్ మైక్ అనే శనగగింజంత మైకు దాస్తాం. దాని వైరు నడుముకి బెల్టుతో కట్టిన ట్రాన్స్‌మిటర్ అనే చిన్న పెట్టెకి వెళుతుంది. అక్కడి నుంచి మాట గాల్లో ప్రయాణించి నా హెడ్‌ఫోన్‌కి చేరుతుంది. షాట్ అయిపోగానే కెమెరా ఆగుతుంది కానీ ఈ పెట్టె ఆగదు. నటులు టీ తాగుతూ ఎవరిని ఏమనుకుంటున్నారో, డైరెక్టర్‌ని ఏ జంతువుతో పోలుస్తున్నారో, ఎవరు ఎవరితో అలిగారో అన్నీ నాకు వినిపిస్తూనే ఉంటాయి. అందుకే మా వృత్తిలో ఒక కట్టుబాటు ఉంది. హెడ్‌ఫోన్‌లో పడిన మాట బయటికి రాకూడదు. వచ్చిందంటే ఆ రికార్డిస్టుని మళ్ళీ ఎవరూ పిలవరు.

పైగా నాది అనుమానపు స్వభావం. "మీరు పాలవాడి మాట కూడా వెనక్కి తిప్పి రెండోసారి వింటారు" అని మా ఆవిడ వెక్కిరిస్తుంది. నేనేం నొచ్చుకోను. ఎక్కడో గరగర వినిపిస్తే అది ఎక్కడి నుంచి వస్తోందో తేలేదాకా ప్రతి వైరునీ, ప్రతి మనిషినీ అనుమానించడమే నా ఉద్యోగం.

ఆ సిరీస్‌లో ముఖ్య పాత్ర ఎనిమిదేళ్ళ పాపది. అసలు పేరు చెప్పను, కావ్య అనుకోండి. కథలో తల్లిని పోగొట్టుకున్న పిల్ల కాబట్టి ఏడుపు సీన్లకి లోటు లేదు. మామూలుగా అలాంటి సీనుకి మేకప్ మనిషి వచ్చి కళ్ళ దగ్గర గ్లిజరిన్ రాస్తాడు. కళ్ళు మండి నీళ్ళు కారతాయి. కావ్యకి ఆ అవసరమే రాలేదు. యాక్షన్ అనగానే పెదవి వణికేది, కళ్ళు నిండేవి, గొంతు పూడుకుపోయేది. డైరెక్టర్ కుర్చీలోంచి లేచి నిలబడి చప్పట్లు కొట్టేవాడు. "దేవుడిచ్చిన వరం సార్ ఇది, నేర్పితే వచ్చేది కాదు" అని అందరికీ చెప్పుకునేవాడు.

ఆ వరాన్ని రోజూ సెట్‌కి తీసుకొచ్చేది పాప మేనమామ రాంబాబు. పాప తండ్రి పోయాడు. తల్లి కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళింది. కావ్యనీ, ఆమె నాలుగేళ్ళ చెల్లెలు చిన్నినీ రాంబాబు, అతని భార్య వెంగళరావు నగర్‌లో తమ ఇంట్లో పెట్టుకున్నారు. కావ్య నటనే ఆ ఇంటికి ఆధారమని అందరికీ తెలుసు. రాంబాబు గోదావరి జిల్లా మనిషి, మావైపువాడే. సెట్లో అందరికీ తలలో నాలుక. ఏడుపు సీనుకి ముందు మాత్రం "ఒక్క నిమిషం అండీ, పాపని మూడ్‌లోకి తెస్తాను" అని పిల్ల పక్కన గొంతుక్కూర్చుని, నడుం చుట్టూ చెయ్యి వేసి, చెవిలో ఏదో చెప్పేవాడు. "రెడీ సార్" అని లేచేసరికి పాప కళ్ళు తడిసి ఉండేవి.

సరిగ్గా ఆ నిమిషంలోనే నాకొక తలనొప్పి ఉండేది. పాప లేపల్ చచ్చిపోయేది. రాంబాబు లేచాక మళ్ళీ బతికేది. వైరు మార్చాను, బ్యాటరీ మార్చాను, నా అసిస్టెంట్‌ని నాలుగు చివాట్లు పెట్టాను. ఏమీ తేలలేదు. షాట్ మాత్రం చెడకపోవడంతో ఎవరూ పట్టించుకోలేదు.

షూటింగ్‌లో పిల్లలుంటే వాళ్ళ చదువూ మంచిచెడ్డలూ చూడడానికి ఒక మనిషి ఉండాలి. ప్రొడక్షన్ మేనేజర్ శ్రీను అందుకోసం గ్రేస్ అనే టీచర్‌ని కుదిర్చాడు. టోలిచౌకి వైపు ఒక చిన్న ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతుంది. వేసవి సెలవులు కాబట్టి వచ్చింది. ఉండేది ఫిలింనగర్ బస్తీలో. అక్కడి చర్చిలో సాయంత్రాలు బస్తీ పిల్లల్ని కూర్చోబెట్టి చదివిస్తుందట. నలభై దాటిన మనిషి, నవ్వు తక్కువ. వచ్చిన మొదటి రోజే నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"సార్, బిడ్డకు గా బెల్టు నేనే కడ్త. మీరు గాని, మీ పోరగాళ్ళు గాని ముట్టొద్దు."

"మా పనండీ అది. మైకు ఎక్కడ పెట్టాలో మాకు తెలుస్తుంది."

"ఎట్ల పెట్టాల్నో చెప్పుండ్రి, నేర్చుకుంట. ముట్టుడు మాత్రం నేనే ముడ్త."

ఇన్నేళ్ళ సర్వీసులో నాతో అలా మాట్లాడిన మనిషి లేదు. ఒళ్ళు మండింది. ఎలా కట్టాలో చూపించాను, ఆమె చక్కగానే నేర్చుకుంది. కానీ నా బుర్రలో ఒక పురుగు దూరింది. ఈవిడకి పాపతో ఒంటరిగా ఉండడానికి ఎందుకింత తాపత్రయం? ఖాళీ దొరికితే చాలు, పిల్లని వెనక వరండాలోకి తీసుకెళ్ళి కూర్చుంటుంది. మేం అటు వెళితే మాట ఆపేస్తుంది.

నాకొచ్చిన అనుమానమే రాంబాబుకీ వచ్చిందనుకున్నాను. ఒకరోజు రెండు టీలు పట్టుకుని నా బండి దగ్గరికి వచ్చాడు. మా మిషన్లన్నీ ఒక చక్రాల బండి మీద ఉంటాయి.

"మూర్తి గారూ, మీరు మావైపువారు కాబట్టి చెబుతున్నానండీ. ఆ టీచరమ్మ చర్చి మనిషి. పాపని పక్కకి తీసుకెళ్ళి ఏవో ప్రార్థనలూ అవీ నేర్పుతోందండీ. తల్లి దగ్గర లేని పిల్ల. రేపు దాన్ని ఏ హోంకో లాక్కుపోతే మా చెల్లికి నేనేం సమాధానం చెప్పుకోవాలి?"

"శ్రీనుకి చెప్పలేకపోయారా?"

"రుజువేదీ అంటారు కదండీ. మీకు అన్నీ వినిపిస్తాయి. ఓ చెవి అటు వేసి ఉంచండి. దొరికిందనుకోండి, రికార్డ్ చేసి ఇవ్వండి. శ్రీను గారికి వినిపించి పంపించేద్దాం."

హెడ్‌ఫోన్‌లో పడింది బయటికి రాకూడదన్న కట్టుబాటు గుర్తొచ్చింది. కానీ పిల్లల విషయం కదా, నిజంగానే ఎవరైనా ఆ పసిదాన్ని ఎత్తుకుపోయే ఉద్దేశంతో వచ్చి ఉంటే? సరేనన్నాను. ఆమె మధ్యలో మైకు ఆపేస్తుందేమోనని ఒక ఏర్పాటు కూడా చేశాను. ట్రాన్స్‌మిటర్ మీద మ్యూట్ స్విచ్ ఉంటుంది. నొక్కితే మాట నాకు చేరదు. ఆ స్విచ్‌ని లోపలి సెట్టింగుల్లో లాక్ చేసేయవచ్చు. అప్పుడు ఎవరు ఎన్నిసార్లు నొక్కినా మైకు పనిచేస్తూనే ఉంటుంది, నొక్కినవాళ్ళకి మాత్రం ఆ సంగతి తెలియదు. మర్నాడు పొద్దున్న పాప పెట్టెని అలా లాక్ చేసి గ్రేస్ టీచర్ చేతికిచ్చాను.

భోజనాల వేళ రికార్డ్ నొక్కి విన్నాను.

"తిన్నవా బిడ్డా?"

"తిన్నాను టీచర్."

"ఏం తిన్నవ్?"

పాప గౌను అంచు నలుపుకుంటున్న గరగర మైకులో పడింది.

"నా డబ్బాల పప్పన్నం ఉంది. రా, ఇద్దరం తిందాం."

కాసేపు గిన్నె చప్పుడు, నమలడం. తర్వాత పాప గొంతు. "టీచర్, ఇంకో రెండు ముద్దలు కవర్లో పెట్టిస్తారా? చిన్నికి."

"చిన్నికి ఇంట్ల పెట్టరా?"

"నేను షాట్ బాగా చేస్తే పెడతారు."

ఆ మాటకి నేను ఉలిక్కిపడ్డాను. పిల్లలు ఏవేవో అంటుంటారులే అని సర్దుకుని మళ్ళీ చెవి రిక్కించాను. ఎక్కాలు అప్పజెప్పించుకుంది. ఇంగ్లీషు పాఠం చదివించింది. ఇంతలో పాపే అడిగింది. "టీచర్, మీ దేవుడు పిల్లల్ని కొడతాడా?"

ఇదిగో వచ్చింది అనుకున్నాను.

"ఏ దేవుడు గూడ కొట్టడు బిడ్డా. కొట్టేది మనుషులే. నిన్నెవరు కొడ్తున్నరు?"

"ఎవరూ కొట్టట్లేదు." పాప గబగబా అంది. "నేను అడిగానని మామయ్యకి చెప్పకండి."

తర్వాత పాప నిద్రపోయినట్టుంది, ఊపిరి నిదానంగా వినిపిస్తోంది. ఆ ఊపిరి మీదుగా టీచర్ గొంతు, గుసగుసగా. "యేసయ్యా, ఈ బిడ్డను నా కండ్లకు చూపిచ్చినవ్. ఇగ నేనేంజెయ్యాల్నో గది సుత నువ్వే చూపియ్యాలె."

రాంబాబుకి కావలసింది దొరికింది. నిద్రపోతున్న పిల్ల దగ్గర కూర్చుని ఆమె ప్రార్థన చేసింది, అది నా మిషన్లో ఉంది. కానీ అది నాకు రుజువులా అనిపించలేదు. షాట్ బాగా చేస్తే పెడతారన్న పాప మాటే చెవిలో తిరుగుతోంది. రాంబాబు సైగ చేసి ఏమైనా దొరికిందా అని అడిగాడు. ఇంకా లేదని చెయ్యి ఊపాను.

భోజనాలయ్యాక ఏడుపు సీను. రాంబాబు ఎప్పటిలాగే పిల్ల పక్కన గొంతుక్కూర్చున్నాడు. అతని చెయ్యి పాప వెనక్కి, నడుం దగ్గరికి వెళ్ళింది. టక్ మని స్విచ్ నొక్కిన చప్పుడు నా చెవిలో పడింది. నా వైర్లలో ఏ లోపమూ లేదని అప్పుడు అర్థమైంది. ఇన్నాళ్ళూ మైకుని చంపుతున్నది ఇతనే. ఈసారి మాత్రం స్విచ్ లాక్‌లో ఉంది.

"చిన్ని ఎక్కడుందో తెలుసుగా?" అదే మృదువైన గొంతు, టీ పట్టుకొచ్చిన గొంతు. "బాత్రూంలో ఉంది. పొద్దున్నుంచీ ఉంది. లైటు కూడా లేదు. నువ్వు బాగా ఏడిచావనుకో, నేను అత్తకి ఫోన్ చేస్తా, తలుపు తీస్తుంది. లేదంటే రాత్రికి కూడా అక్కడే."

పాప ఊపిరి ఒక్కసారి లోపలికి పీల్చుకుంది. గిచ్చితే పీల్చుకునే ఊపిరి అది. ఆ పనిని నేను చూడలేదు, విన్నాను.

"రెడీ సార్" అన్నాడు రాంబాబు.

మా మిషన్లకి ప్రీ-రోల్ అని ఒక సదుపాయం ఉంటుంది. రికార్డ్ నొక్కడానికి ముందు వినిపించిన కాసేపటి శబ్దాన్ని కూడా పట్టి ఉంచుకుని ఫైలు మొదట్లో అతికిస్తుంది. మేం ఆలస్యంగా నొక్కినా మొదటి మాట పోకుండా ఉండడానికి. నేను రికార్డ్ నొక్కాను. యాక్షన్ అన్నారు. పాప ఏడ్చింది. యూనిట్ చప్పట్లు కొట్టింది. హెడ్‌ఫోన్ పెట్టుకుని వింటున్న నాకు మాత్రం ఆ చప్పట్లు కొట్టే చేతులన్నీ విరిచేయాలనిపించింది.

షాట్ ఓకే అయ్యాక రాంబాబునే చూస్తూ కూర్చున్నాను. ఫోన్ చేస్తాడేమోనని. అతను టీ తాగాడు. మేకప్ మనిషితో జోకులేశాడు. బిస్కట్ ముంచుకుని తిన్నాడు. ఫోన్ జేబులోంచి తీయనే లేదు.

డైరెక్టర్‌ని పక్కకి పిలిచి చెప్పాను. ముఖం చిట్లించాడు. "పిల్లల చేత చేయించడంలో ఒక్కొక్కళ్ళది ఒక్కో పద్ధతి సార్. ఊరికే బెదిరించి ఉంటాడు. ఈ షెడ్యూల్ గట్టెక్కాక మాట్లాడదాం." శ్రీనుకి చెబుదామనుకున్నాను కానీ శ్రీను, రాంబాబు ఒకే కంచంలో తినేంత స్నేహితులు. చెబితే రెండో నిమిషంలో రాంబాబుకి తెలిసిపోతుంది. సెట్లో ఇంతమందిలో నమ్మదగిన మనిషి ఎవరా అని చూస్తే, పొద్దున్నుంచీ నేను ఎవరి మీద నిఘా పెట్టానో ఆవిడే మిగిలింది.

వెనక వరండాలోకి వెళ్ళాను. నన్ను చూడగానే ఆమె పాపని తన వెనక్కి లాక్కుంది.

"ఏంది సార్?"

"మీతో మాట్లాడాలి. పాప ఇక్కడే ఉండనివ్వండి, మీరు బండి దగ్గరికి రండి."

"బిడ్డను ఒక్కదాన్నిడిచి నేను యాడికి రాను."

పాపకి కనిపించేంత దూరంలో, వినిపించనంత దూరంలో మిషన్ తెచ్చి, రాంబాబు మాటలున్న ముక్క వేసి, హెడ్‌ఫోన్ ఆమె చెవులకి పెట్టాను. ఆమె కదలకుండా వింది. తీసి నా చేతికిచ్చింది.

"బెల్టు కట్టేటప్పుడు సూస్తనే ఉన్న. నడుం మీద నల్లగ గిచ్చిన మరకలు. రోజు కొత్తయి వస్తున్నయ్. ఎవరు జేస్తున్నరో బిడ్డ నోరు తెర్వలే. మొదట్ల మీ మీదనే అనుమానపడ్డ సార్. అందుకే ముట్టొద్దన్న."

"షెడ్యూల్ అయ్యాక డైరెక్టర్ గారు మాట్లాడతానంటున్నారు."

"గా చిన్న బిడ్డ ఇప్పుడు బాత్రూంల ఉన్నదని గదా అన్నడు? ఇప్పుడంటే ఇప్పుడే పోవాలె." అప్పటికే ఆమె పిల్లల హెల్ప్‌లైన్‌కి ఫోన్ కలుపుతోంది. విషయం చెప్పింది, అడ్రసు చెప్పింది. పాప నోట ఎప్పుడో రాబట్టి గుర్తుపెట్టుకుందట. ఫోన్ పెట్టేసి, "నేను గూడ గాడికి పోత. అడ్రసు సరిగ్గ దొరుకుతదో లేదో. అందాక గాయన ఇంటికి ఫోన్ జెయ్యకుంట చూసుకుంటరా?" అంది. చర్చిలో ఆమెతోపాటు పిల్లల్ని చూసుకునే ఒకావిడ బంగళా వెనక గల్లీలోనే ఉంటుంది. ఆమెని పిలిపించి పాప పక్కన కూర్చోబెట్టి, ఆటో ఎక్కి వెళ్ళిపోయింది.

నా చేతిలో ఉన్న ఆయుధం ఒక్కటే. సెట్లో శబ్దం విషయంలో నేనేం చెబితే అదే వేదం. "రేడియో మైకుల్లో గరగర వస్తోంది. ఎవరివో ఫోన్లు. అందరూ స్విచాఫ్ చేసి ఈ ట్రేలో పెట్టండి" అని అరిచాను. డైరెక్టర్ ముందుగా తన ఫోన్ పెట్టాడు. శ్రీను పెట్టాడు. రాంబాబు కూడా నవ్వుతూ పెట్టాడు. "మీ చెవులు పాము చెవులండీ మూర్తి గారూ" అన్నాడు. కాసేపయ్యాక ఇంటికి ఒకసారి ఫోన్ చేసుకుంటానని వచ్చాడు. నేను రూమ్ టోన్ అన్నాను. అంటే ఆ గది నిశ్శబ్దాన్ని రికార్డ్ చేయడం, ఎడిటింగులో మాటల మధ్య అతకడానికి. అది జరుగుతున్నంతసేపు గదిలో ఎవరూ కదలకూడదు, ఊపిరి కూడా నెమ్మదిగా పీల్చాలి. అందరూ బొమ్మల్లా నిలబడ్డారు. పక్షి అరిచిందని ఒకసారి, ఎవరి చెప్పో కిర్రుమందని ఇంకోసారి, మళ్ళీ మళ్ళీ తీయించాను. "ఏమైంది సార్ మీకివాళ?" అని డైరెక్టర్ విసుక్కున్నాడు. రాంబాబు గోడకి ఆనుకుని నవ్వుమొహంతో నిలబడి ఉన్నాడు. అతని ఊపిరి కూడా నాకు పొడవాటి కర్రకి వేలాడే బూమ్ మైకులో వినిపిస్తోంది. అంత ప్రశాంతంగా పీలుస్తున్నాడు.

సాయంత్రానికి పోలీసులు వచ్చారు, హెల్ప్‌లైన్ మనుషులతో కలిసి. వాళ్ళ వెనక గ్రేస్ టీచర్. చిన్నిని నిజంగానే బాత్రూంలో, బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఉండగా చూశారట. తలుపు తీసినా బయటికి రాలేదట, అక్క ఏడ్చిందా అని అడిగిందట. సర్కారు దవాఖానాకి తీసుకెళ్ళారు.

రాంబాబు నవ్వు అప్పుడు పోయింది. గొంతు చించుకున్నాడు. "చూశారా, నేను ముందే చెప్పాను! ఈ చర్చి వాళ్ళు పిల్లల్ని ఎత్తుకుపోవడానికి వేసిన ఎత్తండీ ఇది. మతం మార్చేస్తారు మా పిల్లల్ని! మూర్తి గారూ, మీరు రికార్డ్ చేశారుగా, వినిపించండి!"

యూనిట్‌లో సగం మంది గ్రేస్ టీచర్ వైపు అదోలా చూశారు. లైట్ల కుర్రాళ్ళలో ఒకడు ట్రేలోంచి తన ఫోన్ తీసుకుని ఆమెని వీడియో తీయడం మొదలుపెట్టాడు. "ఏంది మేడమ్ గిది?" అని శ్రీను మీదికి వెళ్ళాడు. ఆమె పాపని తన పక్కకి లాక్కుంది. పాప చెయ్యి మాత్రం వదల్లేదు. "రికార్డ్ చేశాను రాంబాబూ, అన్నీ ఉన్నాయి" అన్నాను. అందరి ముందూ స్పీకర్‌లో వినిపించలేదు. పాప అక్కడే ఉంది, ఆ మాటలు దాని చెవిన ఇంకోసారి పడనివ్వదలచుకోలేదు. మెమరీ కార్డు తీసి ఇన్‌స్పెక్టర్ చేతిలో పెట్టాను.

పిల్లల్ని ఎవరి దగ్గర ఉంచాలన్నది శిశు సంక్షేమ కమిటీ తేల్చాలి. అక్కడికి రాంబాబు తరఫున ఒక లాయరు వచ్చాడు. ఆయన నా రికార్డింగ్‌లో ప్రార్థన ముక్కని పట్టుకున్నాడు. ఇదిగో, నిద్రపోతున్న హిందూ పిల్ల మీద మంత్రం వేస్తోంది చూడండి అన్నాడు. కువైట్ నుంచి వీడియో కాల్‌లో పిల్లల తల్లి కూడా ఏడుస్తూ, "మా అన్నయ్య అలాంటోడు కాదండీ. ఆవిడెవరో నాకు తెలీదు. పిల్లల్ని అన్నయ్యకే ఇచ్చెయ్యండి" అంది. పిల్లలు మళ్ళీ ఆ ఇంటికే పోతారు అనుకున్నాను.

కమిటీ పెద్దావిడ గ్రేస్ టీచర్‌ని సూటిగా అడిగింది. "మీ చర్చికి హోం ఉందా? పిల్లల్ని అక్కడ పెట్టుకోవాలనా మీ ఉద్దేశం?"

"లేదు మేడమ్. ఉన్నా గాని గాడికి పంపకుండ్రి. సర్కారు హోంల ఉంచుండ్రి. అక్కచెల్లెండ్లను మాత్రం విడగొట్టొద్దు. తల్లి వచ్చినంక తల్లికియ్యుండ్రి. నాకు వేరే ఏం వద్దు."

లాయరు కాగితాలు తిప్పాడు. పెద్దావిడ నన్ను అడిగింది. "ఇందులో ఏమైనా కత్తిరించారా?" ఏమీ కత్తిరించలేదని, పప్పన్నం దగ్గర నుంచి ప్రార్థన దాకా ఒక ఫైలు, బాత్రూం మాట ఇంకో ఫైలు, రెండూ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయని చెప్పాను. ఆమె మొత్తం వింది. తర్వాత ఫోన్‌ని స్పీకర్ దగ్గర పెట్టి, తల్లికి ఆ చివరి ముక్క వినిపించింది. కువైట్‌లో ఆమె ముఖం తెర మీద అలాగే ఉండిపోయింది. "మళ్ళీ వేయండి" అంది. మళ్ళీ వేశారు. "అన్నయ్య గొంతే" అంది. పిల్లలిద్దర్నీ కలిపి సర్కారు హోంకి పంపారు. రాంబాబు మీద, అతని భార్య మీద కేసు నమోదైంది.

బయటికి వచ్చి గ్రేస్ టీచర్, నేను రోడ్డు పక్క టీ బండి దగ్గర టీ తాగాం. ఆమె నా వైపు చూడకుండా అడిగింది. "మీరు నా మాటలు ఎప్పటిసంది విన్నరు సార్?"

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "ఆ రోజు భోజనాల వేళ నుంచే. రాంబాబు అడిగాడు. నాకూ మీ మీద అనుమానంగానే ఉండింది."

కోప్పడుతుందనుకున్నాను. ఆమె గ్లాసులోకి చూస్తూ నెమ్మదిగా చెప్పింది. చిన్నప్పుడు ఆమె ఒక చర్చి హాస్టల్లో చదువుకుందట. అక్కడి వార్డెన్ కన్నీళ్ళు పెట్టుకుని ప్రార్థన చేసేవాడట. ఊరంతా అతన్ని దైవజనుడనేది. ఆడపిల్లల గదుల్లో అతనేం చేసేవాడో పిల్లలకి మాత్రమే తెలుసు. ధైర్యం చేసి సంఘ పెద్దలకి చెబితే, దేవుని సేవకుడి మీద నింద వేస్తావా అని ఈమెనే మోకాళ్ళ మీద నిలబెట్టారట.

"గప్పుడు ఒక్కరంటే ఒక్కరన్న గాయన మీద అనుమానపడి ఉంటే శానమంది బిడ్డలు బతికిపోదురు సార్. యేసయ్య చిన్నపిల్లలను నా దగ్గరికి రానియ్యుండ్రి అన్నడు గాని, వచ్చినంక తలుపు మూసుకోమనలే. మీరు నా మాటలు విన్నరంటే నాకు కోపమేం లేదు. బిడ్డ పక్కన ఎవరు కూసున్నా గట్లనే వినాలె. నన్ను సుత."

నేను టీ డబ్బులిచ్చి ఇంటికొచ్చాను. ఆ రాత్రి మా ఆవిడకి చెబుతూ ఏడ్చాను కూడా. ఇన్నేళ్ళూ నా అనుమానాన్ని ఒక ఉద్యోగ లక్షణంలా చూశాను తప్ప, దాని వల్ల ఎవరికైనా మేలు జరుగుతుందని అనుకోలేదు. ఈ కేసుతో నాకు తెలిసిందొకటుంది. అనుమానం అందరికీ వస్తుంది. రాంబాబు దాన్ని పక్కవాళ్ళ మీదికి తోశాడు. గ్రేస్ టీచర్ దాన్ని తన మీద కూడా పడనిచ్చింది. పిల్లల్ని నమ్మి ఎవరి చేతుల్లో పెట్టాలన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా నేనిప్పుడు ఆ తేడానే చూస్తాను. ఆ ఏడుపు టేక్ సిరీస్‌లో వాడతామని డైరెక్టర్ అడిగాడు. అది పోలీసుల దగ్గర ఉందని చెప్పి ఊరుకున్నాను. తర్వాత ఆ కంపెనీ నన్ను పిలవలేదు.

పిల్లల తల్లి ఆ వానాకాలంలోనే తిరిగొచ్చింది. ఇద్దర్నీ తీసుకుని ఫిలింనగర్ బస్తీలోనే ఒక గది అద్దెకు తీసుకుంది. కావ్య ఇప్పుడు నటించడం లేదు, బడికి వెళుతోంది. సాయంత్రాలు అక్కచెల్లెళ్ళిద్దరూ గ్రేస్ టీచర్ దగ్గరికి చదువుకోవడానికి వెళతారు. ఒకసారి చూద్దామని నేనూ వెళ్ళాను. చర్చి తలుపులు రెండూ బార్లా తీసి ఉన్నాయి. లోపల ఎవరో తన పెన్సిల్ లాక్కున్నారని చిన్ని గొంతెత్తి గొడవ చేస్తోంది. తల్లి పనిలోంచి నేరుగా వచ్చి, బొట్టు పెట్టుకున్న ముఖంతో, గుమ్మంలోనే కూర్చుని లోపల చెప్పే ప్రతి మాటా వింటోంది. ఒకసారి అన్నని నమ్మి మోసపోయిన మనిషి, ఇక ఎవరినీ ఊరికే నమ్మదు. చదువు అయ్యేదాకా అక్కడి నుంచి కదలదట. ఆమె కోసం గ్రేస్ టీచర్ రోజూ తనే ఒక కుర్చీ తెచ్చి ఆ గుమ్మంలో వేస్తుంది.